మావళ్ళి ఫలహారశాల

పశ్చిమ సముద్రతీరమున, కన్నడదేశమునందు, ఉడుపి యను పట్టణము కలదు. మధ్వాచార్యులు ప్రతిష్ఠించిన శ్రీకృష్ణ విగ్రహముచే ఆ పట్టణము పుణ్యక్షేత్రమైనది. అచ్చటి వంటవారిచే అది దేశమంతట పేరు పొందినది. "ఉడుపి హోటలు" అను పలక కనబడని పెద్ద బజారు దక్షిణదేశమున అరుదు. విజయవాడలోను, గుంటూరులోను, హైదరాబాదులోను ఆ పలక క్రింద కూర్చుండి ఇడ్లీ తిని కాఫీ త్రాగినవారు లెక్కకు మించియుందురు. వారిలో ఉడుపి యెచ్చట నున్నదో ఎరిగినవారు మాత్రము కొందరే.

అంతమంది వంటవారు ఆ ఒక్క ప్రాంతమునుండియే బయలుదేరుటకు కారణము లేకపోలేదు. ఉడుపి కృష్ణ దేవాలయమునందు పూజాధికారము ఎనిమిది మఠములవారికి వంతులవారీగా వచ్చును. ఒక్కొక్క వంతు రెండు సంవత్సరములు. ఆ రెండేండ్లును ప్రతిదినము వచ్చిన యాత్రికులకెల్ల అన్నము పెట్టుట ఆ మఠమువారి బాధ్యత. వందలమందికి ఒక్కసారిగా వండుట, వండినది శుచిగా నుంచుట, పంక్తిలో వేగముగా వడ్డించుట – ఈ మూడు విద్యలను ఆ ప్రాంతపు కుటుంబములు అట్లు తరతరములుగా నేర్చుకొనెను. ఇక రెండవ కారణము పేదరికము. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క కొండలు. నడుమ సన్నని నేల. వర్షమునకు కొదువ లేదు గాని పొలమునకు కొదువ. కుటుంబములు పెరిగినకొలది భూమి పెరుగదు గదా! కావున చదువు లేక, ఆస్తి లేక, గరిటె పట్టుట మాత్రమే తెలిసిన యువకులు కనుమలు దాటి మైసూరు, బెంగుళూరు, మదరాసు, బొంబాయి నగరములకు పోవుచుండిరి.

ఉడుపి సమీపమునందలి పరంపళ్ళి అను గ్రామమునుండి అట్లు బయలుదేరినవారే మయ్యా సోదరులు. వారిలో తరువాతి కాలమున ఎక్కువ ప్రసిద్ధి పొందినవాడు యజ్ఞనారాయణ మయ్య. మొదట ఆ సోదరులు బెంగుళూరులో సంపన్నుల ఇండ్లలో వంటపని చేసిరి. పరుల వంటింట పనిచేయువానికి జీతము స్వల్పమే గాని, ఒక లాభము కలదు. తన వంట ఎవరికి రుచించుచున్నదో, ఏ పూట ఏది మిగిలిపోవుచున్నదో అతడు ప్రతిదినము కన్నులార చూడగలడు. మయ్యా సోదరులు ఆ పాఠమును బాగుగ చదువుకొని, 1924లో లాల్‌బాగు తోటకు సమీపమున ఒక చిన్న అంగడి తెరచిరి. కాఫీయు ఇడ్లీయు అచ్చటి ముఖ్య పదార్థములు. ఆ అంగడి పేరు "బ్రాహ్మణ కాఫీ క్లబ్బు".

ఈ పేరును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఆ కాలమున మన దేశమునందు బయట తినుట గౌరవప్రదమైన పని కాదు. ఊరు విడిచి వచ్చినవాడు సత్రమునందో, పూటకూళ్ళ యింటనో తినవలసినదే. అదియు గత్యంతరము లేకనే. ఎవరు వండిరి, ఎవరు తాకిరి, ప్రక్కన కూర్చున్నవాడెవడు అను ప్రశ్నలు ఆకలికంటె ముందు వచ్చుచుండెను. కాఫీ హోటళ్ళు వెలసిన తొలిదినములలో తండ్రులకు తెలియకుండ పోయి కాఫీ త్రాగి వచ్చిన కుమారులు ఎందరో యుండిరి. అట్టి సంఘమునందు కులముపేరు పలకపై నుంచుట వ్యాపారులకు ఒక హామీపత్రము వంటిది. నేటివారికి ఆ పలక చూడగనే మనస్సు చివుక్కుమనును. అది సహజమే, న్యాయమే. అంగళ్ళలోను, హోటళ్ళలోను కులమతములనుబట్టి ఎవరినైనను అడ్డగించుట కూడదని 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునైదవ అధికరణమునందు శాసించినది. తరువాత పదేండ్లకు, 1960లో, ఈ ఫలహారశాల లాల్‌బాగు రోడ్డున నేడున్న భవనములోనికి మారినది. పలక కూడ మారినది. అందుపై కులము పేరు పోయి, ఊరి పేట పేరు వచ్చినది: మావళ్ళి టిఫిన్ రూమ్స్. ఆ ఆంగ్ల నామములోని మొదటి అక్షరములే నేడు దేశమంతట తెలిసిన "ఎం.టి.ఆర్."

ఆ పేరు వచ్చుటకు ముందే ఒక గొప్ప పరీక్ష ఆ వంటశాలకు ఎదురైనది. రెండవ ప్రపంచ యుద్ధము జరుగుచుండెను. 1942లో బర్మాదేశము జపానువారి వశమైనది. అంతవరకు బర్మానుండి ఓడలమీద మన దేశమునకు బియ్యము వచ్చుచుండెను. ఆ రాక ఒక్కసారిగా నిలిచిపోయెను. ఆ మరుసటి సంవత్సరమే బెంగాలులో లక్షలాది ప్రజలను పొట్టనబెట్టుకొన్న క్షామము సంభవించినది. అనేక పట్టణములలో బియ్యమును తూచి, కార్డునుబట్టి ఇచ్చు పద్ధతి వచ్చెను. బియ్యము లేని దినములలో ఇడ్లీ అమ్మువాడేమి చేయవలెను? ధర పెంచవచ్చును, పరిమాణము తగ్గింపవచ్చును, లేదా తలుపు మూయవచ్చును. మావళ్ళి వంటవారు ఈ మూడింటిలో ఏదియు చేయక, గోధుమరవ్వను చేతిలోనికి తీసికొనిరి. రవ్వ ఇడ్లీ అట్లు పుట్టినదని ఆ సంస్థవారు చెప్పుదురు.

ఇచ్చట తెలుగు పాఠకులు పొరబడకుండ ఒక భేదమును గుర్తింపవలెను. మన యిండ్లలో ఇడ్లీని చాలమంది రవ్వతోనే చేయుదురు. అయితే అది బియ్యపురవ్వ. మినుపపప్పు రుబ్బి, ఆ పిండిలో నానిన బియ్యపురవ్వ కలిపి, రాత్రియంతయు పులియబెట్టుదురు. మన అంగళ్ళలో "ఇడ్లీ రవ్వ" యనిన అదియే. బెంగుళూరువారి రవ్వ ఇడ్లీ వేరు. దానిలో బియ్యము లేదు, మినుములు రుబ్బుట లేదు. మనము ఉప్మా చేసికొను బొంబాయిరవ్వయే దానికి ఆధారము.

దాని తయారీలో ఉన్న యుక్తి గమనింపదగినది. మామూలు ఇడ్లీపిండి రాత్రి పులియుచున్నప్పుడు కంటికి కనబడని సూక్ష్మజీవులు అందులో పెరిగి, కొంత పులుపును, కొంత వాయువును పుట్టించును. ఆ వాయువే పిండిని పొంగించి ఇడ్లీని మెత్తబరచును. దీనికి ఎనిమిది పది గంటలు కావలెను. గోధుమరవ్వను అంతసేపు తడిపియుంచిన అది జిగటయై పాడగును. కావున పులుపునకు పెరుగు, వాయువునకు వంటసోడా వచ్చినవి. పెరుగులోని ఆమ్లము సోడాతో కలిసినంతనే బొగ్గుపులుసు వాయువు బుడగలు బుడగలుగా పుట్టును. ఆ బుడగలు ఆరిపోకముందే పిండిని గిన్నెలలో పోసి ఆవిరిపై నుంచిన, రాత్రి చేయవలసిన పని గడియలో ముగియును. రవ్వను ముందుగా నేతిలో వేయించుటచే దానికి పచ్చివాసన పోవును, ముద్ద కట్టదు. ఆవాలు, శనగపప్పు, కరివేపాకు, అల్లము, పచ్చిమిరప పోపులో పడును; పైన ఒక జీడిపప్పు. దరిద్రదేవతను తరుముటకు పుట్టిన వంటకము ఇంత అలంకారముతో రావలెనా యని ఎవరికైనను తోచవచ్చును. కాని బియ్యము లేదను బాధను తినువాడు మరచిపోవుటకు ఆ జీడిపప్పు కొంత తోడ్పడియుండును. యుద్ధము ముగిసినది, బియ్యము తిరిగి వచ్చినది. రవ్వ ఇడ్లీ మాత్రము పోలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1951లో, యజ్ఞనారాయణ మయ్య ఐరోపా ఖండమునకు ప్రయాణమై పోయెను. ఆ దినములలో విదేశయాత్ర చేసినవారు విద్యార్థులు, అధికారులు, పెద్ద వర్తకులు. హోటలు నడుపుకొను ఒక వంటవాడు, అన్యదేశములలో హోటళ్ళు ఎట్లు నడచుచున్నవో చూచుటకే సముద్రము దాటుట అరుదైన సంగతి. ఆయన అచ్చట నేర్చుకొని వచ్చినది వంట కాదు, కడుగుట. గిన్నెలు, చెంచాలు, కప్పులు కంటికి శుభ్రముగా కనబడినంత మాత్రమున చాలదనియు, వేడినీటిచేతను ఆవిరిచేతను వానిని క్రిమిరహితము చేయవలెననియు ఆయన గ్రహించెను. తిరిగి వచ్చినంతనే తన ఫలహారశాలలో ఆ పద్ధతి ప్రవేశపెట్టెను. అంతటితో తృప్తినొందక, తినవచ్చినవారు వంటశాలను స్వయముగా చూడవచ్చునని ద్వారము తెరచియుంచెను.

ఈ రెండవ పని మొదటిదానికంటె కష్టమైనది. పాత్రలు కడుగుటకు నీరు, నిప్పు, కూలి చాలును. ఎవరు ఎప్పుడు వచ్చి చూచినను సిగ్గుపడనక్కరలేని వంటశాలను నడుపుటకు మాత్రము ప్రతిదినము, ప్రతి గంట, ప్రతి పనివాడు జాగరూకుడై యుండవలెను. హోటలు వంటశాల సాధారణముగా ఇంటి వెనుకటి దొడ్డివంటిది. బయటివారి చూపు పడనీయరు. దానిని వాకిలిగా మార్చుటలో యజ్ఞనారాయణ మయ్య చూపిన ధైర్యమే ఆ కుటుంబపు అసలు మూలధనమని చెప్పవలెను. పూర్వము కులముపేరు ఇచ్చిన హామీని ఇప్పుడు ఆ తెరచిన ద్వారము ఇచ్చుచుండెను.

ఐరోపా ప్రయాణమునకు సంబంధించినదే ఒక చిన్న వినోదమైన సంగతియు ఉన్నది. ఆయన తిరిగివచ్చిన పిమ్మట ఒక క్రొత్త మిఠాయిని తయారుచేయించి, "ఫ్రెంచి స్వీటు" అని పేరు పెట్టెననియు, దానిని ఎవరును కొనలేదనియు చెప్పుకొందురు. అప్పుడు ఆడుచుండిన ఒక చలనచిత్రము పేరు తీసికొని దానినే "చంద్రహార" మని పిలువగా, అదే మిఠాయి, అదే రుచి, అదే వెల – జనము ఎగబడి కొనిరట! పిండిని పొరలుగా మడచి వేయించి, దానిపై చిక్కబరచిన తీయని పాలు పోసిన ఆ మిఠాయి నేటికిని అచ్చట ఆ పేరుతోనే దొరకును. పరదేశపు పేరు పెట్టిన వస్తువులకు ఎగబడెడి నేటి బజారుతో పోల్చిన, ఆ కాలపు బెంగుళూరువారి నాలుక వేరు విధముగా పనిచేసినదని ఒప్పుకొనవలెను.

వెండి గ్లాసులో కాఫీ ఇచ్చుట కూడ అచ్చటి ప్రత్యేకతలలో నొకటి. ఉదయము లాల్‌బాగు తోటలో నడచి, తిన్నగా మావళ్ళికి వచ్చి, తమ వంతు వచ్చువరకు నిలబడి, ఆ కాఫీ త్రాగి పోవుట బెంగుళూరు పెద్దలలో అనేకులకు నిత్యకృత్యమైనది. ఆ నగరమునందు నివసించు తెలుగువారు ఎందరో ఆ వరుసలో నిలిచియున్నవారే.

1975 జూన్ 25వ తేదీన దేశమునందు అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. ధరలు మండిపోవుచున్న కాలమది. వానిని అదుపులో నుంచుటకై ప్రభుత్వము పూనుకొనగా, హోటళ్ళలో తినుబండారములను బహు తక్కువ ధరలకు అమ్మవలెనని ఆజ్ఞ వచ్చెను. ఆజ్ఞ ఉద్దేశము చెడ్డదని అనుటకు వీలులేదు. రోజుకూలి చేసికొనువాడు కూడ హోటలులో కడుపునిండ తినవలెనని కోరుట తప్పెట్లగును? కాని నెయ్యి వెల తగ్గలేదు. జీడిపప్పు వెల తగ్గలేదు. పనివాని జీతము తగ్గలేదు. అమ్మెడు ధర మాత్రమే తగ్గెను.

అట్టి సమయమున వ్యాపారికి తెలిసిన ఉపాయములు కొన్ని యున్నవి. నేతికి బదులు నూనె. మంచి నూనెకు బదులు చౌకనూనె. చిక్కని పాలకు బదులు నీళ్ళపాలు. దోసె వ్యాసము రెండంగుళములు తక్కువ. తినువానికి కొంతకాలమువరకు తెలియదు. తెలిసినను, ఆ ధరకు ఇంతకంటె ఏమి వచ్చునని సరిపెట్టుకొనును. మావళ్ళి వారు అట్లు చేయనొల్లలేదు. పూర్వపు పదార్థములతో, పూర్వపు కొలతలతో వండి, ప్రభుత్వము చెప్పిన ధరకే అమ్మిరి. దానివలన ఏ దినమున ఎంత నష్టము వచ్చినదో ఆ దినముననే ఒక పలకపై వ్రాసి, వచ్చువారందరు చూచునట్లు ఫలహారశాల ముందు ఉంచుచుండిరి. కేకలు లేవు, ఊరేగింపు లేదు, ఎవరిని నిందించుటయు లేదు; అంకెలు మాత్రము. పలుకుట కష్టమైన ఆ కాలమున ఆ అంకెలే పలికెను. దినదినము నష్టము పేరుకొనిపోగా, తుదకు ఫలహారశాల తలుపులు మూతపడెను.

ఇది సరియైన నిర్ణయమేనా యని వాదించువారు ఉండవచ్చును. సగము రుచితోనైనను హోటలు నడిపియుండిన, వచ్చుపోవువారికి ఇంత అన్నమైనను దొరికెడిది గదా యని వారు అడుగుదురు. ఆ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని ఏబదియేండ్లుగా ఒక్క రుచినే నమ్మి వచ్చెడివానికి చెప్పకుండ రుచి మార్చిపెట్టుట, తూకములో మోసముచేయుటకంటె ఏమంత భిన్నమైనది? మయ్యా కుటుంబము మోసమునకంటె మూతయే మేలని తలచినది.

తలుపు మూయుట యొక యెత్తు. లోపలనున్న పనివారి మాట యేమి? వారిలో అనేకులు ఉడుపి ప్రాంతమునుండి బాల్యమునందే వచ్చి, ఆ వంటశాలలోనే పెరిగి పెద్దవారైనవారు. వేయించుట, దంచుట, కలుపుట తప్ప వేరుపని ఎరుగరు. కుటుంబమునందలి తరువాతి తరమువారగు హరిశ్చంద్ర మయ్య, సదానంద మయ్య ప్రభృతులు ఆలోచించి, వండిన ఆహారమును అమ్ముటకు వీలులేనప్పుడు వండదగిన ఆహారమును అమ్మవచ్చునని నిశ్చయించిరి. హోటలు ప్రక్కన అంగడిలో సాంబారుపొడి, రసముపొడి మొదలగు మసాలాపొడులును, ఇంటికి తీసికొనిపోయి పెరుగో నీరో కలిపి వండుకొనదగిన పిండి మిశ్రమములును అమ్మజొచ్చిరి. రవ్వ ఇడ్లీ మిశ్రమము వానిలో ముఖ్యమైనది.

యుద్ధకాలమునాటి యుక్తి ఇచ్చట రెండవసారి అక్కరకు వచ్చుట గమనింపుడు. రుబ్బి పులియబెట్టిన ఇడ్లీపిండిని పొట్లము కట్టి దూరదేశములకు పంపుట అసాధ్యము. అది దారిలోనే మరింత పులిసి పాడగును. రవ్వ ఇడ్లీకి పులియుటతో పనిలేదు. నేతిలో వేగిన రవ్వ, పోపు, ఉప్పు, సోడా – అన్నియు పొడి వస్తువులే. తేమ తగలకుండ మూసియుంచినంత కాలము సోడా నిద్రించుచుండును; పులిసిన పెరుగు తగిలిననాడే మేల్కొనును. అన్నము దొరకని కాలమునకై కనిపెట్టిన వంటకము, హోటలే లేని కాలమున ఆ కుటుంబమును నిలబెట్టినది.

అత్యవసర పరిస్థితి 1977 మార్చిలో తొలగింపబడెను. తరువాత కొన్ని యేండ్లకు ఫలహారశాల మరల తెరువబడెను. కాని ఈలోగా పొట్లముల వ్యాపారము తన కాళ్ళమీద తాను నిలిచినది. పట్టణములలో భార్యాభర్తలిద్దరు ఉద్యోగములకు పోవు కుటుంబములు పెరిగినవి. ఉమ్మడి కుటుంబములు విడిపోయి, సాంబారుపొడి కొట్టి పంపెడి అత్తగారు దూరమైరి. రోలు వంటింటినుండి పెరటిలోనికి, పెరటినుండి జ్ఞాపకములోనికి పోయినది. ఆ ఖాళీ స్థలములోనికి పొట్లము వచ్చినది. సంస్థ రెండు శాఖలైనది: లాల్‌బాగు రోడ్డునందలి ఫలహారశాల ఒకటి, పొట్లములను తయారుచేయు ఆహారసంస్థ ఒకటి. మొదటిదానిని హరిశ్చంద్ర మయ్య, రెండవదానిని సదానంద మయ్య నడిపిరి.

సదానంద మయ్యకు యంత్రములయందు ఆసక్తి మెండు. మైసూరునందు 1961లో స్థాపింపబడిన రక్షణశాఖవారి ఆహార పరిశోధనాలయము ఒకటి కలదు. మంచుకొండలమీద, ఎడారులలో కాపలా కాయు సైనికులకు చెడిపోని ఆహారమును సమకూర్చుట ఆ పరిశోధనాలయపు పని. వండిన కూరనో, పప్పునో పొరలు పొరలుగా నున్న గట్టి సంచిలో పోసి, గాలి లేకుండ మూసి, ఆ సంచిని పెద్ద పాత్రలో నుంచి, ఒత్తిడితోకూడిన ఆవిరిచే సుమారు 121 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసిన, లోపలి సూక్ష్మజీవులన్నియు నశించును. ఏ మందును కలుపకయే ఆ ఆహారము నెలల తరబడి నిలువయుండును. సైనికులకై రూపొందిన ఈ విద్యను స్వీకరించి, ఆ సంస్థవారు తినుటకు సిద్ధముగనున్న కూరలను, పులావులను పొట్లములలో అమ్మసాగిరి. సంచిని వేడినీటిలో ఐదు నిమిషములు ఉంచి కత్తిరించిన చాలును. సముద్రములు దాటి చదువులకు పోయిన మన విద్యార్థుల పెట్టెలలో ఆవకాయ సీసా ప్రక్కన ఈ పొట్లములు కూడ చోటు చేసికొనెను.

వ్యాపారము విస్తరించినకొలది యంత్రములు కావలెను, గోదాములు కావలెను, ప్రకటనలు కావలెను. వీనికన్నింటికి ధనము కావలెను. బయటివారి ధనము వచ్చిన వెంట బయటివారి మాటయు వచ్చును. 2007లో నార్వే దేశమునకు చెందిన ఆర్‌క్లా అను సంస్థ ఎం.టి.ఆర్. ఆహారసంస్థను కొనివేసినది. మసాలాపొడుల పొట్లములపై ఆ మూడక్షరములు అట్లే యున్నవి. యజమానులు మాత్రము ఉత్తరధ్రువమునకు దగ్గరనున్న చలిదేశమువారు. ఉడుపి వంటవారి సాంబారుపొడి, సాంబారనిన ఏమో ఎరుగని దేశమువారి ఆస్తి యగుట విచిత్రముగా తోచవచ్చును. కుటుంబపు పేరును అమ్ముకొనిరని కొందరు నొచ్చుకొనిరి. అయితే పొడుల రుచి నిలుచుట యజమాని జన్మభూమినిబట్టి యుండదు. కొలతపాత్రను పట్టిన చేతినిబట్టి యుండును. ఆ చేతులు నేటికిని ఇచ్చటివే. సదానంద మయ్యయు ఊరకుండలేదు. కొంతకాలము గడచిన పిమ్మట, తన ఇంటిపేరుతోనే మరియొక ఆహారసంస్థను నెలకొల్పి, మరల మొదటినుండి పని ప్రారంభించెను.

ఫలహారశాల మాత్రము అమ్మకమునకు పోలేదు. హరిశ్చంద్ర మయ్య 1999లో మరణించిన పిమ్మట ఆయన కుమార్తె హేమమాలిని మయ్య ఆ బాధ్యత వహించినది, తమ్ముళ్ళు తోడైరి. ఉడుపి హోటళ్ళ చరిత్రలో యజమానులును, వంటవారును, వడ్డించువారును చిరకాలము పురుషులే. పొయ్యి స్త్రీలదని ఇండ్లలో చెప్పెడి సంఘమే, ఆ పొయ్యి వీధిలోనికి వచ్చి డబ్బు సంపాదింపగనే దానిని పురుషులకు అప్పగించినది. అట్టి చోట ఒక స్త్రీ పెత్తనము వహించుట, అదియు తాతలనాటి పనివారి నడుమ, సులభమైన పని కాదు. ఆమె హయాములో బెంగుళూరునందు శాఖలు పెరిగినవి. సింగపూరు, దుబాయి వంటి పరదేశపు నగరములలోను మావళ్ళి పలకలు వెలసినవి. శాఖలు పెంచుటలో అపాయమొకటి యున్నది: ఒక్క వంటశాలను కంటితో కాపాడవచ్చును, పదింటిని కాపాడుటకు కన్నులు చాలవు. కావున కొలతలను కాగితముపై పెట్టి, అందరికి ఒకే తీరున నేర్పవలసివచ్చును. వంటవాని చేతివాటమును కాగితముపై వ్రాయుట ఎంత కష్టమో, అమ్మమ్మను పులిహోర చేయు విధమడిగి "ఉప్పెంత?" అనిన, "తగినంత" అను సమాధానము విన్నవారికెల్ల తెలియును.

2024లో ఆ ఫలహారశాలకు నూరేండ్లు నిండినవి. లాల్‌బాగు రోడ్డునందలి పాత భవనమునందు రవ్వ ఇడ్లీని నేటికిని ఒక చిన్న గిన్నెడు నేతితోను, బంగాళాదుంపల కూరతోను, పచ్చడితోను కలిపి ఇత్తురు. ఆదివారము ఉదయము పోయినవారు తమ పేరు వ్రాయించి కొంతసేపు వేచియుండక తప్పదు. వేచియున్నవారిలో ముసలివారు గోడలమీది పాత పటములను పిల్లలకు చూపుచుందురు. పిల్లలు మాత్రము లోపలినుండి ఆవిరితో వచ్చుచున్న పళ్ళెములవంక చూచుచుందురు.